230 వోల్టుల నుంచి 5 వోల్టులు: ట్యాంకు కంట్రోలర్ డబ్బాలో పట్టే చిన్న పవర్ సప్లై ఏది తీసుకోవాలి?

పల్నాడు కుర్రాడు

అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట దగ్గర పల్లె. ఇంట్లో ఒకటిన్నర హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు, డాబా మీద వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు ఉన్నాయి. ట్యాంకు నిండగానే మోటారు ఆగిపోయేలా ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై ప్రోగ్రామింగ్ బోర్డుతో కంట్రోలర్ కట్టాను. ట్యాంకులో మూడు స్టీలు కడ్డీలు వేలాడదీశాను. నీళ్లు పై కడ్డీని తాకగానే రిలే వదిలేస్తుంది, దాంతో మోటారుకి కరెంటిచ్చే పెద్ద స్విచ్చు, అంటే కాంటాక్టర్, పడిపోతుంది. ఒక చిన్న డిస్‌ప్లే కూడా ఉంది. ప్రోగ్రాం బాగానే నడుస్తోంది, ఇబ్బందంతా కరెంటు దగ్గరే.

ఇప్పటికి పాత ఫోన్ ఛార్జరు స్విచ్‌బోర్డులో పెట్టి కేబుల్ లాగాను. మా దగ్గర సాయంత్రం ఏడు దాటాక వోల్టేజీ 170కి పడిపోతుంది, అర్ధరాత్రి 255 దాకా వెళ్తుంది. మోటారు ఎత్తుకునేటప్పుడు బోర్డు రీసెట్ అవుతోంది. సప్లై కూడా స్టార్టర్ పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలోనే ఇమడాలి. లోపల మిగిలిన జాగా అగ్గిపెట్టె కంటే కొంచెం ఎక్కువ, అంతే.

మూడు దారులు కనబడుతున్నాయి. ఒకటి, వీడియోల్లో చూపించే కెపాసిటర్ సర్క్యూట్, అది చాలా చవక. రెండు, ఛార్జరు పగలగొట్టి లోపలి బోర్డు పెట్టడం. మూడు, నల్లగా మైనం పోసినట్టుండే చిన్న మాడ్యూల్. ఏది మంచిదో చెప్పండి.

సోల్డర్ పొగ

మొదటిది ఇప్పుడే మర్చిపో తమ్ముడూ. ట్యాంకులో కడ్డీలు ఉన్నాయని నువ్వే రాశావు కదా. కెపాసిటర్ సర్క్యూట్‌లో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, అంటే 230కీ నీ 5 వోల్టులకీ మధ్య అడ్డుగోడే లేదు. బయటికి 5 వోల్టులే కనబడతాయి గానీ, ఆ వైరు కరెంటు లైనుకి నేరుగా కలిసే ఉంటుంది. అదే వైరు కడ్డీల ద్వారా నీళ్లలో దిగుతుంది. ఫేజూ న్యూట్రలూ తారుమారైతే ట్యాంకు నీళ్లకే ఫేజు తగిలినట్టు. కింద కుళాయి తిప్పేది మీ ఇంట్లోవాళ్లే.

ప్రాణాల సంగతి పక్కనపెట్టి లెక్క చూసినా అది పనికిరాదు. 230 వోల్టులు, 50 హెర్ట్జ్ మీద 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ దాదాపు 72 మిల్లీఆంపియర్లు మాత్రమే వదులుతుంది. నీకు అర ఆంపియర్ కావాలంటే 7 మైక్రోఫారడ్లు పడతాయి. ఆ సైజు ఎక్స్2 కెపాసిటర్లు (కరెంటు లైనుకి నేరుగా కట్టే రకం) నీ డబ్బాలో పట్టవు. ఆ సర్క్యూట్ చిన్న ఎల్‌ఈడీ దీపాలకు సరిపోతుంది. అదీ మనిషి చెయ్యి తగలని చోట, పూర్తిగా మూసేసిన డబ్బాలో.

గోదారి గట్టు

నన్నడిగితే పాత పద్ధతే మేలు. ఇనుప ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్లు, 5 వోల్టులిచ్చే 7805 రెగ్యులేటర్ ఒకటి. పిడుగులు పడే ఊళ్లో కూడా నిలబడుతుంది. మా తణుకులో నేను కట్టినవి ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. ఐసొలేషన్, అంటే నువ్వన్న ఆ అడ్డుగోడ, కూడా వచ్చేస్తుంది కదా.

సోల్డర్ పొగ

గట్టు గారూ, గట్టితనంలో మీ మాట నిజమే, ఒప్పుకుంటాను. కానీ తమ్ముడి ఊళ్లో వోల్టేజీ 170 నుంచి 255 దాకా ఊగుతోంది. 9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ తీసుకున్నారనుకోండి. 170 దగ్గర సెకండరీలో 6.6 వోల్టులే వస్తాయి. శిఖరం 9.4, బ్రిడ్జిలో 1.4 పోతే 8. 2200 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టినా 0.4 ఆంపియర్ లోడు మీద ఆ 8 వోల్టులు అలల్లో ఇంకో రెండు వోల్టులు తగ్గి 6 దగ్గరికి దిగుతాయి. 7805కి కనీసం 7 కావాలి. అంటే సరిగ్గా సాయంత్రం, ట్యాంకు నింపుకునే వేళకే బోర్డు పడిపోతుంది.

పోనీ 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ పెడదామంటే అర్ధరాత్రి 255లో 7805 కాలిపోయేంత వేడెక్కుతుంది. 9 వోల్టులదే ఆ టైంలో రెండున్నర వాట్లకు పైగా వేడిగా వదులుతుంది. హీట్‌సింక్ లేకుండా నడవదు. 7805 బదులు బక్ కన్వర్టర్ (అంతగా వేడెక్కకుండా వోల్టేజీ దించే చిన్న బోర్డు) పెడితే ఈ రెండు బాధలూ తగ్గుతాయి గానీ, డబ్బాలో జాగా ఏదీ?

గోదారి గట్టు

జాగా సంగతి నిజమే. అయితే బక్ కన్వర్టర్ మాట గుర్తుంచుకోండి, పొలం ప్యానెళ్లు కట్టేవాళ్లకి పనికొస్తుంది.

కోటి గల్లీ

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ చుట్టుపక్కల రిపేరు పని చేస్తుంటాను. ఇలాంటి డబ్బాలు బల్ల మీదికి రోజూ వస్తాయి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు నీకెంత కావాలో లెక్క వేసుకో. ఈఎస్‌పీ32 వైఫైలో పంపేటప్పుడు 240 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది, సప్లై 500 ఇవ్వగలగాలని తయారీదారే చెబుతాడు. మామూలు నీలం రంగు 5 వోల్టుల రిలే కాయిల్ 70 ఓములు, అంటే ఇంకో 70 మిల్లీఆంపియర్లు. డిస్‌ప్లేకి ఇరవై ముప్ఫై. మొత్తం 600 దగ్గరికి వచ్చేస్తుంది.

ఇప్పుడు మాడ్యూళ్లు. అందరూ వాడేది హై-లింక్ వాళ్ల హెచ్‌ఎల్‌కే-పీఎం01. అది 5 వోల్టులు, 3 వాట్లు, అంటే 600 మిల్లీఆంపియర్లు. కొలత 34 × 20 × 15 మి.మీ. నీ జాగాలో హాయిగా పడుతుంది. కానీ నీ లెక్క దాని అంచుకే వచ్చి ఆగింది. మూసిన డబ్బాలో, మే నెలలో, దాన్ని అంచు మీద నడపకూడదు. అదే వాళ్ల 5 వాట్ల హెచ్‌ఎల్‌కే-5ఎం05 అయితే 1 ఆంపియర్ ఇస్తుంది. తైవాన్ కంపెనీ మీన్‌వెల్‌లో ఐఆర్‌ఎం-03-5 600 మిల్లీఆంపియర్లది, ఐఆర్‌ఎం-05-5 1 ఆంపియర్‌ది. ఐఆర్‌ఎం-03 37 × 24 × 15 మి.మీ., 05 దానికంటే పెద్దది. డబ్బాలో ఎత్తు చూసుకుని కొను.

నేనైతే నీకు ఐఆర్‌ఎం వరుసే చెబుతాను. కారణం కంపెనీ పేరు కాదు, డేటాషీటులో ఇన్‌పుట్ లైను. పీఎం01 మీద రాసి ఉండేది 100–240. ఐఆర్‌ఎం-03 షీటులో 85 నుంచి 305 దాకా ఉంటుంది. మీ ఊరి రాత్రి 255కి ఆ 305 అనే అంకె ఎంతో ధైర్యం. 05 కొనేటప్పుడు కూడా ఆ లైను చూసి కొను. ధర ఎక్కువే, కానీ తేడా ఒక పూట హోటల్ భోజనం ఖర్చుకి మించదు.

ఇంకొకటి, ఎండ. ఈ సప్లైలలో ముందు చచ్చేది ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరే. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలు అని రాసున్న కెపాసిటర్‌కి ప్రతి పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపవుతుంది. 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు, అంటే మూడున్నరేళ్లకు పైన. 75 అయితే అందులో సగమే. రెంటచింతల ఎండలు పక్కనే పెట్టుకున్నవాడివి, ఆ డబ్బా పడమటి గోడకి కొట్టకు. మాడ్యూల్ చుట్టూ వేలు పట్టేంత ఖాళీ వదులు, రిలేకీ రెగ్యులేటర్‌కీ ఆనించకు.

మంజీర

ఛార్జరు విషయం ఎవరూ చెప్పలేదు, నేను చెబుతాను. మంచి ఛార్జరు నిజానికి మంచి సప్లైయే. మన దేశంలో అడాప్టర్లను 2012 నాటి ఉత్తర్వుతో తప్పనిసరి రిజిస్ట్రేషన్ కిందికి తెచ్చారు, దాని మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే అది ఏ తయారీదారుదో, ఏ వస్తువుకిచ్చిందో చూపిస్తుంది. చేతిలో ఉన్నదానికి సరిపోకపోతే పక్కన పడేయడమే.

అయితే ఆ ధ్రువీకరణ పెట్టెతో సహా ఇచ్చింది. పెట్టె పగలగొట్టి బోర్డు బయటికి తీశాక ఆ భద్రతలో సగం పోయినట్టే. చవక ఛార్జరు ఎవరైనా విప్పితే బోర్డుని తిరగేసి ఒక్కసారి చూడండి. 230 వైపు రాగి గీతలకీ 5 వోల్టుల వైపు గీతలకీ మధ్య ఎంత ఎడం ఉంది? మంచి బోర్డులో 6 మి.మీ. పైనే ఉంటుంది, ఆప్టోకప్లర్ (రెండు వైపుల మధ్య వెలుతురుతో సంకేతం దాటించే చిప్పు) కింద బోర్డుని చీల్చి సందు కూడా పెడతారు. సంతలో అమ్మేవాటిలో రెండు మి.మీ. కూడా లేనివి నేను చూశాను. ఒక చుక్క చెమ్మ చాలు.

డబ్బాలో జాగా ఉంటే లోపల చిన్న సాకెట్ బిగించి, ఛార్జరుని పెట్టెతోనే పెట్టుకోవడం నాకు నచ్చిన పద్ధతి. నీకు జాగా లేదంటున్నావు కాబట్టి మాడ్యూలే.

పల్నాడు కుర్రాడు

చాలా థాంక్స్ అందరికీ. అయితే ఐఆర్‌ఎం-05-5 అనుకుంటున్నా. ఒక అనుమానం. పక్కింట్లో ఒకాయన ఇలాంటి మాడ్యూలే వాడుతున్నాడు. అవుట్‌పుట్ మైనస్‌కి టెస్టర్ ఆనిస్తే సన్నగా వెలుగుతోంది. మీటరు పెడితే ఎర్త్‌కి 90 వోల్టులు చూపిస్తోంది. అమ్మ అది చూసి అసలు వద్దంటోంది. నాకూ టెన్షన్‌గానే ఉంది.

సోల్డర్ పొగ

మంచి ప్రశ్న. అమ్మగారి భయం న్యాయమైనదే, కానీ చాలావరకు అది లోపం కాదు. చాలా ఎస్‌ఎంపీఎస్‌లలో (ఛార్జర్లు, ఈ మాడ్యూళ్లు ఆ రకమే) రెండు వైపులకీ మధ్య రేడియో రొద తగ్గించడానికి వై కెపాసిటర్ అని చిన్నది ఉంటుంది. 2.2 నానోఫారడ్ అయితే దాని గుండా 230 వోల్టుల నుంచి 0.16 మిల్లీఆంపియర్లు పోతాయి. చెయ్యి పెడితే సన్నగా జివ్వుమనొచ్చు గానీ మనిషికి హాని చేసేంత కాదు. మీటరు లాగే కరెంటు ఇంకా తక్కువ, అందుకే అది పెద్ద వోల్టేజీ చూపిస్తుంది.

నిజమైన లీకేజీనా కాదా తేల్చే పద్ధతి ఉంది. 100 కిలోఓముల 1 వాట్ రెసిస్టర్‌ని అవుట్‌పుట్ మైనస్‌కీ ఎర్త్‌కీ మధ్య కలిపి, దాని మీద ఏసీ వోల్టేజీ కొలవాలి. వై కెపాసిటర్ వల్లే అయితే 90 కాస్తా పది పదిహేను దగ్గరికి కూలిపోతుంది. కూలకుండా అలాగే నిలబడినా, వందల్లోకి పెరిగినా లోపల ఇన్సులేషన్ పోయింది, ఆ మాడ్యూల్‌ని వాడకూడదు. కరెంటు ఆపి రెసిస్టర్ కలిపి, చెయ్యి తీసేసి, ఆ తర్వాతే ఆన్ చెయ్యాలి. మీ ఎలక్ట్రీషియన్ పక్కనుంటే ఇంకా మంచిది.

నీ ట్యాంకు విషయంలో ఇంకో మాట చెబుతా. ఎర్త్ బాగుంటే అవుట్‌పుట్ మైనస్‌ని ఎర్త్‌కి కలిపెయ్. జివ్వుమనడం పోతుంది. ఎప్పుడైనా లోపల ఇన్సులేషన్ తెగితే ఆ కరెంటు నీళ్లలోకి కాక ఎర్త్‌లోకి పోయి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజీ కనబడగానే లైను తెంచే స్విచ్చు) కొట్టేస్తుంది. ఆర్‌సీసీబీ లేకపోతే మాడ్యూల్ కంటే ముందు అది కొనండి. దయచేసి ఈ ఒక్కదాన్ని వాయిదా వెయ్యకండి.

లైన్‌మన్ బాబాయి

విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైనవాడిని. అందరూ 255, 305 అంటున్నారు. బాబూ, ఊళ్లో న్యూట్రల్ తెగితే ఏమవుతుందో కూడా చెప్పాలి.

ఊరి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ వస్తాయి. ఇళ్లన్నీ ఆ మూడు ఫేజులకీ పంచి ఉంటాయి. గాలివానకి న్యూట్రల్ జంపరు ఊడిందనుకో, నీ ఇల్లూ పక్క ఫేజు ఇల్లూ 415 వోల్టులకి సిరీస్‌లో పడతాయి. ఎవరింట్లో లోడు తక్కువో వాళ్లకి ఎక్కువ వోల్టేజీ వస్తుంది. పగటిపూట ఒక ఫ్యాను తిరిగే ఇంట్లో 350 దాటొచ్చు. నేను వెళ్లిన ఇలాంటి ఫిర్యాదుల్లో టీవీ, ఫ్రిజ్, ఛార్జర్లు అన్నీ ఒకేసారి పోయి ఉండేవి. ఇలాంటప్పుడు ఏ చిన్న మాడ్యూల్ అయినా పోతుంది. పోనీ, పర్వాలేదు. నిప్పు పుట్టకుండా పోవాలి, నీళ్లలోకి కరెంటు రాకుండా పోవాలి. అంతవరకు చూసుకోండి.

కోటి గల్లీ

బాబాయి చెప్పినదానికి డబ్బాలో చెయ్యాల్సిన పని ఇది. ఫేజు వైరు ముందు ఫ్యూజులోకి పోవాలి, ఫ్యూజు దాటాకే వేరిస్టర్ (వోల్టేజీ హద్దు దాటితే కరెంటు లాగేసే భాగం). ఈ వరుస తారుమారు కాకూడదు. వోల్టేజీ పెరిగి వేరిస్టర్ కరెంటు లాగడం మొదలుపెడితే ఫ్యూజు కాలి లైను తెగాలి. వేరిస్టర్‌ని ఫ్యూజుకి ముందు పెడితే ఆపేవాడు లేక అది మండుతుంది. ప్లాస్టిక్ డబ్బాకి అంటుకున్న కేసులు నా బల్ల మీదికి వచ్చాయి.

వేరిస్టర్ నంబరులోనూ జాగ్రత్త. 431కే అని ఉన్నది 275 ఏసీ వోల్టులకి, 471కే 300కి, 561కే 350కి. మీ ఊరికి 10డీ561కే పెట్టు. 431కే పెడితే రాత్రి వోల్టేజీకే రోజూ కొంచెం కొంచెం చచ్చిపోతుంది. ఫ్యూజు 1 ఆంపియర్, 250 వోల్టులది, నెమ్మదిగా కాలే రకం. త్వరగా కాలే రకం పెడితే ఆన్ చేసిన క్షణంలో కెపాసిటర్ నిండే ఊపుకే పోతుంది. వీలైతే మాడ్యూల్ వీపు మీద 77 డిగ్రీల థర్మల్ ఫ్యూజు ఆనించి, అదే ఫేజు వైరులో సిరీస్‌గా కట్టు.

ఇక మోటారు ఎత్తుకునేటప్పుడు రీసెట్. 5 వోల్టుల మీద, బోర్డు కాళ్లకి దగ్గరగా, 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి పెట్టు. కాంటాక్టర్ కాయిల్‌కి అడ్డంగా 100 ఓములు, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 సిరీస్‌లో కట్టు. కాయిల్ వదిలేటప్పుడు వచ్చే ఎదురు దెబ్బని అది మింగేస్తుంది. రీసెట్లలో చాలావరకు సప్లై తప్పు కాదు, ఈ కాయిల్ పనే.

మంజీర

ఇంకో చిన్న సంగతి. ఈఎస్‌పీ బోర్డుని కిందే ఉంచు, డాబా మీద పెట్టి 5 వోల్టులు పైకి లాగకు. 0.5 చదరపు మి.మీ. వైరు 20 మీటర్లు అంటే పోను రాను ఒకటిన్నర ఓము. వైఫై పంపే క్షణంలో 0.7 వోల్టు దాకా దారిలోనే పోతుంది. బోర్డు మీది 3.3 వోల్టుల రెగ్యులేటర్ ఏఎంఎస్1117 తన వంతు ఇంకో 1.1 తింటుంది. 3.3 రావాల్సిన చోట 3.2 కూడా రాదు, వోల్టేజీ చాలక బ్రౌన్‌ఔట్ రీసెట్ ఖాయం. పైకి కడ్డీల వైర్లు మాత్రమే వెళ్లాలి, అవీ మోటారు వైర్లతో ఒకే పైపులో వెళ్లకూడదు.

బోరు బావి

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాది జనగామ వైపు. పొలంలో 5 హెచ్‌పీ, త్రీఫేజ్. స్టార్టర్ డబ్బాలో ఇలాంటిదే, ఫోన్ నుంచి ఆన్ చేసేది పెట్టాలనుకుంటున్నా. డబ్బాలో న్యూట్రల్ లేదు, మూడు ఫేజులే. మా దగ్గర కొందరు ఒక ఫేజు, ఎర్త్ పైపు కలిపి 230 తీసుకుంటున్నారు. నేనూ అలాగే చెయ్యొచ్చా?

లైన్‌మన్ బాబాయి

వద్దు నాయనా, చేతులెత్తి చెబుతున్నా. ఎర్త్‌ని న్యూట్రల్‌గా వాడితే ఆ పైపులో ఎప్పుడూ కరెంటు పారుతుంటుంది. వానాకాలం తెలియదు. ఎండాకాలం నేల ఎండిపోయాక, ఏ ఉప్పూ బొగ్గూ లేని ఆ పైపు పట్టు తప్పుతుంది. అప్పుడు స్టార్టర్ డబ్బా, పైపు, దానికి ఆనుకున్న తడి నేల అన్నిటికీ ఫేజు వస్తుంది. మనిషికంటే ముందు గొడ్డు పోతుంది. గొడ్లు చనిపోయిన చోట్లకి డ్యూటీలో వెళ్లి చూసినవాడిని, అందుకే ఇంత గట్టిగా అంటున్నా.

గోదారి గట్టు

ఇక్కడ మాత్రం ఇనుప ట్రాన్స్‌ఫార్మరే సరి. ప్యానెల్ సామాన్లు అమ్మే షాపులో 440 వోల్టుల ప్రైమరీ, 12 వోల్టుల సెకండరీ ఉన్న కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ అడగండి. రెండు ఫేజుల మధ్య కట్టి, బ్రిడ్జి, కెపాసిటర్, ఆపైన బక్ కన్వర్టర్‌తో 5 వోల్టులు తీసుకోండి. 415 కాస్తా 300కి పడినా సెకండరీలో 8 ఉంటుంది. బక్‌కి అది చాలు. పైన అందరూ చెప్పిన ఆ చిన్న మాడ్యూళ్లు మాత్రం రెండు ఫేజుల మధ్య పెట్టకండి, 415కి క్షణంలో పోతాయి.

కోటి గల్లీ

గట్టు గారు చెప్పింది అక్షరాలా సరైనది. ఎస్‌ఎంపీఎస్సే కావాలంటే మీన్‌వెల్ డబ్ల్యూడీఆర్-60 ఉంది, 180 నుంచి 550 వోల్టుల దాకా తీసుకుంటుంది, రెండు ఫేజుల మధ్య పెట్టడానికే చేసింది. కానీ ఒక్క బోర్డుకి 60 వాట్లది ఎందుకు, ఖర్చు దండగ.

ఒకటి మాత్రం మర్చిపోకండి. కంట్రోలర్‌కి రెండు ఫేజులే కనబడతాయి. మూడోది పోతే దానికి తెలియదు, మోటారు రెండు ఫేజుల మీద మూలుగుతూ కాలిపోతుంది. స్టార్టర్‌లో ఉన్న సింగిల్ ఫేజ్ ప్రివెంటర్‌ని (ఒక ఫేజు పోతే మోటారుని ఆపేది) తీసెయ్యకండి, రిలేని దానికి సిరీస్‌లోనే కట్టండి.

బోరు బావి

పెద్ద ప్రమాదం తప్పించారు. ట్రాన్స్‌ఫార్మర్ మీదే పోతాను.

డల్లాస్ తెలుగు

ఇక్కడి నుంచి అడాప్టర్లు తెచ్చి ఇచ్చేవాళ్లకి ఒక మాట. లేబుల్ మీద 100–240 ఉంటేనే ఇండియాలో పనికొస్తుంది. బరువుగా ఉండే పాత రకం వాటి మీద 120 అని మాత్రమే ఉంటుంది, 230లో పెడితే కాలిపోతాయి.

పల్నాడు కుర్రాడు

ఐఆర్‌ఎం-05-5, 1 ఆంపియర్ ఫ్యూజు, 10డీ561కే, థర్మల్ ఫ్యూజు ఆర్డర్ పెట్టేశాను. ఆర్‌సీసీబీ రేపు ఎలక్ట్రీషియన్‌తో బిగిస్తున్నా. బిగించే ముందు మాడ్యూల్‌ని ఎలా పరీక్షించాలి?

సోల్డర్ పొగ

10 ఓముల 5 వాట్ రెసిస్టర్‌ని అవుట్‌పుట్‌కి కలుపు, అర ఆంపియర్ లాగుతుంది. మూత వేసిన డబ్బాలోనే, మధ్యాహ్నం పూట ఒక గంట వదిలెయ్. రెసిస్టర్ కూడా బాగా కాలుతుంది, దాన్ని మాడ్యూల్‌కీ ప్లాస్టిక్‌కీ దూరంగా ఉంచు. గంట తర్వాత 4.9 నుంచి 5.1 మధ్య ఉంటే నిశ్చింత. వేడి చూడాలంటే కరెంటు తీసేశాకే వేలు పెట్టు.

లైన్‌మన్ బాబాయి

బిగించే ముందు టెస్టర్‌తో ఫేజు ఏ వైరులో ఉందో చూసుకో బాబూ. పాత ఇళ్ల వైరింగులో రంగుల్ని నమ్మకు. ఫ్యూజు న్యూట్రల్‌లో పడిందంటే అది కాలిపోయాక కూడా డబ్బా లోపల ఫేజు బతికే ఉంటుంది. రిపేరుకి చెయ్యి పెట్టినవాడికి ఆ సంగతి తెలియదు. మెయిన్ ఆపాకే మూత తియ్యాలని డబ్బా మీద తెలుగులో రాసి అతికించు.

పల్నాడు కుర్రాడు

అలాగే బాబాయి. రాసి అతికిస్తాను. బిగించాక ఫొటోలు పెడతాను, వైరింగులో తేడా ఏమైనా కనబడితే చెప్పండి.